మొక్కజొన్న ఇన్‌బ్రెడ్ లైన్ల మధ్య జన్యు సంబంధాన్ని తేల్చుకోవడం ఎలా?

మొక్కజొన్న ప్రజననంలోకి కొత్తగా వచ్చిన విద్యార్థులు, విత్తనాభివృద్ధిలో పనిచేసేవారు దాదాపు ఒకే మాటల్లో ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తమ దగ్గర ముప్పయ్యో నలభయ్యో ఇన్‌బ్రెడ్ లైన్లు (తన పుప్పొడితోనే తరతరాలు పెంచి స్థిరపరచిన వంశాలు) ఉన్నాయని, వాటిలో ఏది దేనికి దగ్గర, ఏది దేనికి దూరం అన్నది తెలిపే డెండ్రోగ్రామ్, అంటే వంశవృక్షం లాంటి చెట్టు బొమ్మ, ఎలా గీయాలని వారి సందేహం. గీయడం కష్టం కాదు. ఏ అంకెలు ఇచ్చినా, చివరికి లాటరీ తీసినట్టు ఇష్టం వచ్చిన సున్నాలు, ఒకట్లు నింపి ఇచ్చినా, సాఫ్ట్‌వేర్ చక్కని చెట్టు గీసి చూపిస్తుంది. ఆ చెట్టు మీ లైన్ల గురించి నిజం చెబుతోందా లేదా అన్నది తేల్చుకోవడమే అసలు పని. అందువల్ల ఈ వివరణలో ఎక్కువ భాగం ఎక్కడెక్కడ తప్పు దొర్లుతుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నదానికే కేటాయించాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ప్రతి లైన్ విత్తనం కనీసం 30 గింజలు, వీలైనంత వరకు ఆ లైన్ పెడిగ్రీ (వంశక్రమం) వివరం.
- సరిచూసుకోవడానికి చెక్ లైన్లు: ఒకదానికొకటి చుట్టమని ముందే తెలిసిన రెండు మూడు జతలు, ఏ సంబంధమూ లేదని తెలిసిన ఒక జత, ఒక ఎఫ్1 హైబ్రిడ్ (రెండు లైన్లను కలపగా వచ్చిన మొదటి తరం), దాని తల్లిదండ్రులు.
- డీఎన్‌ఏ తీయడానికి సీటాబ్ బఫర్, క్లోరోఫామ్–ఐసోఅమైల్ ఆల్కహాల్ మిశ్రమం, ఐసోప్రొపనాల్, 70 శాతం ఇథనాల్, సెంట్రిఫ్యూజ్, నీటి తొట్టి.
- ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లతో (డీఎన్‌ఏలో చిన్న అక్షర వరుస పదేపదే వచ్చే గుర్తింపు స్థానాలు) చేస్తే పీసీఆర్ యంత్రం (డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు తీసేది), ఆ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ పరికరాలు. ఎస్‌ఎన్‌పీ మార్కర్లతో (ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారే స్థానాలు) అయితే జీనోటైపింగ్ (ఆ స్థానాలను చదవడం) చేసిపెట్టే ప్రయోగశాల సేవ.
- లెక్కలకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు. చిన్న ఎస్‌ఎస్‌ఆర్ పట్టికలకు డార్విన్ లేదా పవర్‌మార్కర్, పెద్ద ఎస్‌ఎన్‌పీ పట్టికలకు టాసెల్ లేదా ప్లింక్ సాఫ్ట్‌వేర్ వాడవచ్చు.

ప్రయోగశాల అందుబాటులో లేనివారు నిరాశపడనవసరం లేదు. నమ్మదగిన పెడిగ్రీ పుస్తకం చేతిలో ఉంటే మొదటి మెట్టులో చెప్పిన లెక్కతోనే చాలా దూరం వెళ్లవచ్చు. పీచు రంగు, మగపూత కొమ్మల సంఖ్య, కండె ఆకారం వంటి లక్షణాలతో దూరం కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి. కానీ ఆ లక్షణాల్లో చాలావాటిపై నేల, నీరు, కాలం ప్రభావం ఉంటుంది గనుక, వాటిని ఒకటికి మించిన కాలాల్లో నమోదు చేసినప్పుడే నమ్మండి.

1. పెడిగ్రీ నుంచి రావలసిన సంబంధాన్ని ముందే లెక్కగట్టి రాసిపెట్టుకోండి

ఈ పని ఫలితం చూడకముందే చేయాలి. చూసిన తరువాత చేస్తే, చెట్టు ఏది చెబితే అదే సహజమని మనసు సర్దుకుపోతుంది. రెండు లైన్లలో ఒకే స్థానంలో ఉన్న అల్లీళ్లు (ఒక జన్యుస్థానంలో ఉండగల వేర్వేరు రూపాలు) ఒకే పూర్వీకుల నుంచి వచ్చి ఉండే సంభావ్యతను సహవంశ గుణకం అంటారు. పూర్తిగా స్థిరపడిన లైన్‌కు తనతో తనకు ఇది 1. ఏ సంబంధమూ లేని ఇద్దరు తల్లిదండ్రుల నుంచి తీసిన లైన్‌కు, ఆ ఇద్దరిలో ప్రతి ఒక్కరితోనూ 0.5 వస్తుంది. అదే సంకరం నుంచి తీసిన రెండు తోబుట్టువు లైన్ల మధ్య కూడా 0.5 ఉంటుంది. తల్లి మాత్రమే ఉమ్మడిగా ఉన్న రెండు సంకరాల నుంచి వచ్చిన లైన్ల మధ్య 0.25, ఒకసారి బ్యాక్‌క్రాస్ చేసి (సంకరాన్ని తిరిగి తల్లిదండ్రుల్లో ఒకదానితో కలిపి) తీసిన లైన్‌కు, తిరిగి కలిపిన తల్లి లైన్‌కు మధ్య 0.75 ఉంటాయి.

ఇవి సగటు విలువలు మాత్రమే. ఎంపిక వల్లా, యాదృచ్ఛికత వల్లా 0.5 ఉండవలసిన చోట 0.4 నుంచి 0.6 వరకు ఊగడం మామూలే.

2. విత్తనం స్వచ్ఛమైనదేనా అని తేల్చుకోండి

నా అనుభవంలో చెడిపోయిన విశ్లేషణల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలో కాదు, విత్తన సంచీలోనే చెడిపోయాయి. మొక్కజొన్న పరపరాగ సంపర్క పంట, పుప్పొడి గాలిలో తేలివస్తుంది, బ్యాగింగ్ (కండెకు సంచి తొడగడం) ఒక్కరోజు ఆలస్యమైనా పరాయి పుప్పొడి పీచుకు అంటుతుంది. తెల్లగింజ లైన్ అయితే దీన్ని కంటితోనే పట్టుకోవచ్చు. పసుపు రంగు ప్రబలం, పైగా అది గింజలోని అంకురచ్ఛదంలోనే కనిపిస్తుంది గనుక, పరాయి పుప్పొడి పడిన గింజ అదే కండెపై, అదే కాలంలో పసుపుగా బయటపడుతుంది. తెల్లని కండెను చేతిలో తిప్పి చూసినప్పుడు వరుసల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పసుపు గింజ తగిలితే ఆ కండెను డీఎన్‌ఏకు వాడకండి. పసుపుగింజ లైన్లలో ఇలాంటి సాక్ష్యం ఉండదు గనుక వాటి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఆ తరువాత ప్రతి లైన్ నుంచి 10 మొక్కలను విడివిడిగా తీసుకుని, బాగా తేడా చూపే 4 లేదా 5 మార్కర్లతో పరీక్షించండి. అన్ని మొక్కలూ జెల్‌పై ఒకే బ్యాండ్ (డీఎన్‌ఏ ముక్కను చూపే గీత) చూపితే లైన్ శుభ్రంగా ఉన్నట్టు. ఒక మొక్క చాలా మార్కర్లలో రెండేసి బ్యాండ్లు చూపితే అది పరాయి పుప్పొడితో పుట్టినది, దాన్ని తీసివేయండి. చాలా మొక్కలు కొద్ది మార్కర్లలో మాత్రమే తేడా చూపితే లైన్ ఇంకా స్థిరపడలేదని అర్థం. హైబ్రిడ్ నుంచి మొదలుపెట్టి ఆరు తరాలు స్వయం పరాగ సంపర్కం చేస్తే సగటున మిగిలే విషమయుగ్మజత (ఒక స్థానంలో రెండు వేర్వేరు అల్లీళ్లుండటం) సుమారు 1.6 శాతం, మూడు తరాలకే ఆపితే 12.5 శాతం. డబుల్డ్ హాప్లాయిడ్ లైన్లలో (ఒకే వరుస క్రోమోజోములను రెట్టింపు చేసి తీసినవి) ఈ సమస్య మొదటినుంచే ఉండదు.

శుభ్రమని తేలిన లైన్‌కు ఎస్‌ఎస్‌ఆర్ పనిలో 10 మొక్కల నుంచి సమాన పరిమాణంలో ఆకు ముక్కలు తీసి కలపవచ్చు. ఎస్‌ఎన్‌పీ పనిలో ఒక్క మొక్కనే తీసుకుని, ఆ మొక్కకు స్వయం పరాగ సంపర్కం చేసి విత్తనాన్ని దాచిపెట్టడం మేలు. రేపు ఎవరైనా ఏ మొక్క డీఎన్‌ఏ అని అడిగితే చూపించడానికి అదే ఆధారం.

3. మార్కర్లను ఎంచుకోండి

మొక్కజొన్నలో పది జతల క్రోమోజోములున్నాయి. జన్యుపటాన్ని బిన్ అనే చిన్న భాగాలుగా విభజించి 1.01, 1.02 అంటూ అంకెలు ఇచ్చారు. ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లను ఒక్కో క్రోమోజోముకు కనీసం ఐదు చొప్పున, వేర్వేరు బిన్ల నుంచి ఎంచుకోండి. రెండక్షరాల పునరావృత్తి ఉన్న మార్కర్లు అసలు బ్యాండ్ కింద నీడల్లాంటి అదనపు బ్యాండ్లు ఇస్తాయి, వాటితో చదవడం కష్టమవుతుంది. మూడు, నాలుగు అక్షరాల పునరావృత్తి ఉన్నవి దొరికితే వాటికే ప్రాధాన్యమివ్వండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పీహెచ్‌ఐ057, పీహెచ్‌ఐ112, యూఎంసీ1066 అనే మూడు మార్కర్లూ ఏడో క్రోమోజోముపై ఉన్న ఓపేక్2 అనే ఒకే జన్యువులో ఉన్నాయి. నాణ్యమైన మాంసకృత్తులున్న మొక్కజొన్న పనిలో ఇవి బాగా ఉపయోగపడతాయి గనుక చాలా ప్రయోగశాలల్లో సిద్ధంగా ఉంటాయి, అందుబాటులో ఉన్నాయి కదా అని మూడింటినీ వంశ విశ్లేషణలో చేర్చేస్తారు. అప్పుడు ఒకే స్థానాన్ని మూడుసార్లు లెక్కించినట్టవుతుంది. పైగా ఆ జన్యువుపై ప్రజననకారులు కావాలని ఎంపిక చేశారు గనుక, చుట్టరికమేమీ లేని లైన్లు కూడా అక్కడ ఒకేలా కనిపిస్తాయి.

ఎన్ని మార్కర్లు కావాలన్నది మీ ప్రశ్నపై ఆధారపడి ఉంటుంది. 50 మార్కర్లతో రెండు లైన్ల మధ్య సాదృశ్యం, అంటే కలిసిన స్థానాల నిష్పత్తి, 0.68 అని వచ్చిందనుకోండి. అందులో ఉండే ప్రామాణిక దోషం (మార్కర్లు కొన్నే కావడం వల్ల వచ్చే ఊగిసలాట) సుమారు 0.066, అంటే నిజమైన విలువ దానికి దాదాపు రెండింతలు అటూ ఇటూగా, 0.55 నుంచి 0.81 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి 0.68ని, 0.60ని పోల్చి ఇది దగ్గర, అది దూరం అనడానికి వీల్లేదు. మార్కర్లు 200 అయితే దోషం 0.033కి తగ్గుతుంది. పెద్ద గుంపులుగా విడదీయడానికి 50 చాలు. తోబుట్టువుల వంటి దగ్గరి చుట్టాలను ఒకరి నుంచి ఒకరిని వేరుచేయాలంటే కొన్ని వేల ఎస్‌ఎన్‌పీ మార్కర్లు ఉండటమే మంచిది.

4. డీఎన్‌ఏ తీయండి

మూడాకుల దశలోని లేత ఆకులు 0.1 గ్రాము తీసుకుని మెత్తగా నూరి, ముందే వేడిచేసిన 2 శాతం సీటాబ్ బఫర్‌లో 65 డిగ్రీల సెల్సియస్ వద్ద 45 నిమిషాల నుంచి గంట వరకు ఉంచండి. దానికి సమాన పరిమాణంలో 24:1 నిష్పత్తి గల క్లోరోఫామ్–ఐసోఅమైల్ ఆల్కహాల్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై పొరను మాత్రమే తీసుకోండి. చల్లని ఐసోప్రొపనాల్‌తో డీఎన్‌ఏను పేరుకునేలా చేసి, 70 శాతం ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టి కరిగించండి. క్లోరోఫామ్ పనంతా పొగ గూడు (ఫ్యూమ్ హుడ్)లోనే చేయాలి. మధ్య పొరను పిపెట్ తాకేంత వరకు ఆశపడకండి, కొంచెం తక్కువ వచ్చినా శుభ్రమైనదే మేలు.

260, 280 నానోమీటర్ల వద్ద శోషణల నిష్పత్తి 1.8 నుంచి 2.0 మధ్య ఉండాలి. ఈ అంకె ఒక్కటే చాలదు. 0.8 శాతం అగరోజ్ జెల్‌పై కూడా చూడండి. పైభాగంలో బిగువైన ఒకే బ్యాండ్ ఉంటే సరే. కింది దాకా పొగలా పాకితే డీఎన్‌ఏ ముక్కలైనట్టు, అడుగున మబ్బులా కనిపిస్తే ఆర్‌ఎన్‌ఏ మిగిలినట్టు.

5. జెల్‌ను చదవండి

ఎస్‌ఎస్‌ఆర్ మార్గంలో ఎక్కువ ఓర్పు కావలసింది ఇక్కడే. 3 లేదా 3.5 శాతం అగరోజ్ జెల్‌పై రెండు మూడు బేస్ జతల తేడా కనిపించదు. అంత చిన్న తేడాలు అవసరమైతే పాలీఅక్రిలమైడ్ జెల్ లేదా కేపిలరీ పద్ధతి వాడండి. ప్రతి జెల్‌పైనా లాడర్ (పొడవు తెలిసిన డీఎన్‌ఏ ముక్కల కొలబద్ద)తోపాటు ఒక చెక్ లైన్‌ను కూడా నడపండి. జెల్ మారితే బ్యాండ్ ఎత్తు మారుతుంది గనుక, ఆ చెక్ లైన్ లేకుండా ఒక జెల్‌లోని అల్లీల్‌ను మరొక జెల్‌లోని అల్లీల్‌తో పోల్చలేరు. డీఎన్‌ఏ కనిపించేలా చేసే ఎథిడియం బ్రోమైడ్ రంగు వాడేటప్పుడు చేతి తొడుగులు తీయవద్దు.

ఎఫ్1 హైబ్రిడ్ వరుసను జాగ్రత్తగా చూడండి. తల్లి బ్యాండ్, తండ్రి బ్యాండ్‌తోపాటు కొన్నిసార్లు వాటికి పైన సన్నని మూడో బ్యాండ్ కనిపిస్తుంది. రెండు అల్లీళ్ల పోగులు ఒకదానితో ఒకటి అతుక్కుని, మధ్యలో కలవని చోట ఉబ్బి, జెల్‌లో నెమ్మదిగా కదలడం వల్ల అది వస్తుంది. దాన్ని కొత్త అల్లీల్‌గా రాసినవారిని చాలామందిని చూశాను. హైబ్రిడ్ వరుస ఎదురుగా ఉంటే ఈ పొరపాటు జరగదు, అందుకే హైబ్రిడ్‌ను చెక్‌గా పెట్టమన్నాను.

బ్యాండ్ రాకపోతే వెంటనే శూన్య అల్లీల్ (బ్యాండ్ ఇవ్వని రూపం) అని రాయకండి. ముందు పీసీఆర్‌ను మళ్లీ చేయండి, అదే డీఎన్‌ఏ మిగతా మార్కర్లలో బాగా పనిచేస్తోందో చూడండి. రెండోసారి కూడా రాకపోతేనే శూన్యంగా భావించండి. తేలనిది తప్పిపోయిన విలువగానే పట్టికలో ఉండాలి. దాన్ని సున్నాగా నింపితే, డీఎన్‌ఏ బాగా రాని లైన్లన్నీ చెట్టులో ఒక కొమ్మకు చేరి కొత్త కుటుంబంలా కనిపిస్తాయి.

6. ఎస్‌ఎన్‌పీ సమాచారమైతే వడపోయండి

20 శాతానికి మించి విలువలు తప్పిపోయిన మార్కర్లను, 5 శాతం కంటే అరుదైన అల్లీళ్లున్నవాటిని తొలగించడం వాడుక. స్థిరపడిన లైన్లలో ఒక మార్కర్ 10 శాతానికి మించి విషమయుగ్మజంగా కనిపిస్తే అది నిజమైన భేదం కాదు. జీనోమ్‌లో రెండుచోట్ల ఉన్న ఒకేలాంటి వరుసలు కలిసిపోయి అలా కనిపిస్తాయి. మొక్కజొన్న జీనోమ్‌లో దాదాపు 85 శాతం పునరావృత్త భాగాలే గనుక ఇది ఇక్కడ తరచు ఎదురవుతుంది. సెంట్రోమియర్ (క్రోమోజోము ముడి) పరిసరాల్లో పునఃసంయోగం (క్రోమోజోము జతల మధ్య ముక్కల మార్పిడి) చాలా తక్కువ కాబట్టి అక్కడి మార్కర్లు గుంపులుగా కలిసి నడుస్తాయి. ఆ ప్రాంతం ఒక్కటే లెక్కను శాసించకుండా, ఒకదానితో ఒకటి బలంగా ముడిపడిన మార్కర్లను పలచన చేయండి.

ఎస్‌ఎన్‌పీ చిప్ (వేల మార్కర్లను ఒకేసారి చదివే పలక) వాడేవారికి ఒక హెచ్చరిక. పాత చిప్‌లలో చాలా మార్కర్లను బి73, మో17 అనే అమెరికన్ లైన్ల మధ్య తేడాల నుంచే ఎంచారు. అందువల్ల ఆ రెండు లైన్లు, వాటి చుట్టాలు ఉన్నదానికంటే ఎక్కువ దూరంగా, ఉష్ణమండల లైన్లు ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి. రెండు రకాల లైన్లూ కలిసి ఉన్న సమూహంలో ఈ వాలును గమనించకుండా ఉష్ణమండల లైన్లలో వైవిధ్యం తక్కువని తేల్చేయవద్దు.

7. సాదృశ్యాన్ని సరైన సూత్రంతో లెక్కించండి

ఎక్కువ నష్టం చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. ఎస్‌ఎస్‌ఆర్ స్థానం ఒకదానిలో మీ లైన్లన్నింటిలో కలిపి ఐదు అల్లీళ్లున్నాయనుకోండి. ప్రతి అల్లీల్‌కు ఒక నిలువు వరుస ఇచ్చి ఉంటే 1, లేకుంటే 0 అని రాశారు. మొదటి లైన్‌లో ఒకటో అల్లీల్, రెండో లైన్‌లో రెండో అల్లీల్ ఉన్నాయి. ఆ స్థానంలో వాటి మధ్య పోలిక ఏమీ లేదు. అయినా సింపుల్ మ్యాచింగ్ సూత్రం, మిగతా మూడు అల్లీళ్లు ఇద్దరిలోనూ లేవు గనుక ఐదింటిలో మూడు కలిశాయని 0.6 సాదృశ్యం చూపిస్తుంది. అల్లీళ్లు ఎన్ని ఎక్కువైతే ఈ దొంగ పోలిక అంత పెరుగుతుంది. కాబట్టి ఎస్‌ఎస్‌ఆర్ సమాచారానికి ఆ సూత్రం పనికిరాదు.

జకార్డ్ సూత్రంలో ఈ దోషం లేదు, కానీ దాని అంకెను కలిసిన మార్కర్ల శాతంగా చదవకూడదు. 50 స్థానాల్లో 34 కలిసిన రెండు లైన్లకు జకార్డ్ విలువ 34ను 66తో (కలిసిన 34, కలవని 16 స్థానాల్లో చెరొక అల్లీల్ చొప్పున 32) భాగించగా వచ్చే 0.52, డైస్ విలువ మాత్రం 0.68, అంటే కలిసిన స్థానాల నిష్పత్తే. స్థిరపడిన లైన్లకు నేను డైస్ విలువను, దూరం కావలసినచోట సవరించిన రోజర్స్ దూరాన్ని సిఫారసు చేస్తాను. ఏది వాడినా సూత్రం పేరు పట్టిక పైనే రాయండి.

8. సాదృశ్యాన్ని చుట్టరికంగా మార్చండి

ఏ సంబంధమూ లేని లైన్లలో కూడా కొన్ని అల్లీళ్లు కాకతాళీయంగా కలుస్తాయి. దాన్ని తీసివేయకపోతే అందరూ అందరికీ చుట్టాలే అవుతారు. సంబంధం లేదని పెడిగ్రీ చెప్పే జతల సగటు సాదృశ్యాన్ని లెక్కించి, దాన్ని మీ జత సాదృశ్యం నుంచి తీసివేసి, మిగిలినదాన్ని 1లోంచి అదే సగటు తీసివేయగా వచ్చిన విలువతో భాగించండి. మన ఉదాహరణలో సంబంధం లేని జతల సగటు 0.36 అయితే, 0.68లోంచి 0.36 పోగా 0.32, దాన్ని 0.64తో భాగిస్తే 0.50. అంటే ఆ రెండు లైన్లు తల్లీబిడ్డలో, తోబుట్టువులో కావాలి. మొదటి మెట్టులో రాసిపెట్టుకున్న విలువతో పోల్చడానికి పనికివచ్చే అంకె ఇదే. కొన్ని జతలకు రుణ విలువ వస్తుంది. దాన్ని సున్నాగా తీసుకోండి.

9. గుంపులుగా విడదీయండి

దగ్గరి లైన్లను వరుసగా జతచేసే యూపీజీఎంఏ లేదా నైబర్ జాయినింగ్ పద్ధతితో చెట్టు గీయండి. బూట్‌స్ట్రాప్ (మార్కర్లను యాదృచ్ఛికంగా మళ్లీ ఎంచి చెట్టు గీయడం) 1000 సార్లు చేసి, బలంలేని కొమ్మలను నమ్మకండి. యూపీజీఎంఏ చెట్టుకు కోఫెనెటిక్ సహసంబంధం (చెట్టులోని దూరాలకూ పట్టికలోని దూరాలకూ ఉన్న పొంతన) చూడండి. అది 0.8 కంటే తక్కువైతే చెట్టు మీ దూరాల పట్టికను సరిగా చూపడం లేదు. చెట్టు ప్రతి లైన్‌ను ఏదో ఒక కొమ్మకు కట్టేస్తుంది, కానీ రెండు గుంపుల సంకరం నుంచి పుట్టిన లైన్ నిజంగా రెంటికీ చెందుతుంది. అలాంటివాటిని చూడటానికి ప్రధానాంశ విశ్లేషణ (లైన్లను రెండు మూడు అక్షాలపై చుక్కలుగా చూపే పద్ధతి) కూడా చేయండి, అందులో అవి రెండు గుంపుల నడుమ కనిపిస్తాయి. లైన్లను గుంపులకు కేటాయించే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్ వాడితే గుంపుల సంఖ్యను డెల్టా కే అనే కొలత ఒక్కదానితో తేల్చవద్దు, ఆ కొలత తరచుగా రెండు గుంపుల దగ్గరే ఆగిపోతుంది.

10. ఫలితాన్ని పరీక్షించండి

మొదట, ఒకే లైన్‌ను వేర్వేరు పేర్లతో రెండుసార్లు పెట్టినచోట దూరం సున్నా లేదా దానికి చాలా దగ్గరగా ఉండాలి. ఆ దూరమే మీ ప్రయోగశాల దోషం, దానికంటే చిన్న తేడాలను తేడాలుగా చెప్పకూడదు. రెండోది, హైబ్రిడ్ ప్రతి స్థానంలోనూ తల్లిదండ్రుల అల్లీళ్లనే చూపాలి. మూడోది, తెలిసిన జతలు తెలిసినట్టే రావాలి. బహిరంగంగా దొరికే లైన్లలో ఇందుకు బాగా పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. 1964లో విడుదలైన మో17ను సీఐ187-2, సీ103ల సంకరం నుంచి తీశారు గనుక సీ103తో దాని విలువ 0.5 చుట్టూ రావాలి. ఏ632ను బి14 వైపు పదేపదే బ్యాక్‌క్రాస్ చేసి తీశారు గనుక అది బి14ను అంటిపెట్టుకుని ఉండాలి. 1972లో విడుదలైన బి73 అయోవా స్టిఫ్ స్టాక్ సింథటిక్ అనే మిశ్రమ సమూహం నుంచి వచ్చినది, అది మో17తో ఒకే గుంపులో పడితే మీ పట్టికలో ఎక్కడో తప్పుంది.

తప్పుందని తెలిస్తే ముందు ట్యూబులను అనుమానించండి. ఒకసారి నా చెట్టులో తల్లీబిడ్డ లైన్లు రెండు చివరలకు వెళ్లాయి. రెండు రోజులు లెక్కలు వెతికాను. చివరికి చూస్తే ఎనిమిది ట్యూబుల పట్టీ ఒకటి తలకిందులుగా తిరిగి, ఒకటోది ఎనిమిదో స్థానంలో, రెండోది ఏడో స్థానంలో పడి ఉంది. అప్పటినుంచి ప్రతి పట్టీలోనూ మధ్యలో కాక ఒక పక్కకు ఒక ఖాళీ ట్యూబు ఉంచుతున్నాను. పట్టీ తిరగబడితే ఖాళీ వరుస జెల్‌పై తప్పుచోట కనిపించి అక్కడికక్కడే దొరికిపోతుంది.

ట్యూబులు సరిగ్గానే ఉండి, ఒకే లైన్ పెడిగ్రీకి విరుద్ధంగా వస్తే రెండో మెట్టుకు వెళ్లి కొత్త విత్తనంతో మళ్లీ చేయండి. అప్పుడు కూడా అదే వస్తే పెడిగ్రీ పుస్తకమే తప్పు కావచ్చు. అలాంటప్పుడు పుస్తకంలో పాత నమోదును కొట్టివేయకుండా, పక్కన తేదీతో కొత్త వివరం రాయండి.

11. సంకరాలకు ఎలా వాడుకోవాలి

ఎక్కువ దూరమున్న లైన్లను కలిపితే ఎక్కువ దిగుబడి వస్తుందా అన్నది దీని తరువాత తప్పక వచ్చే ప్రశ్న. దగ్గరి చుట్టాలను కలిపితే సంకర తేజం (సంకరం తల్లిదండ్రులను మించే గుణం) తక్కువగా ఉంటుందన్నది నిజం. కానీ సంబంధం లేని లైన్లలో దూరం పెరిగినకొద్దీ దిగుబడి పెరుగుతుందన్న హామీ లేదు, వేర్వేరు హెటెరోటిక్ గుంపుల (ఒకదానితో ఒకటి కలిపితే సంకర తేజం బాగా వచ్చే గుంపులు) మధ్య సంకరాల్లో దూరానికీ దిగుబడికీ సంబంధం బలహీనంగానే కనిపించింది. అందువల్ల ఈ అంకెలను వడపోతకు వాడండి. చుట్టరికం విలువ 0.25 దాటిన జతలను సంకరాల జాబితా నుంచి తీసివేయండి. మిగిలిన లైన్లను ప్రతి గుంపు నుంచి ఎంచిన టెస్టర్లతో (పోలిక కోసం వాడే ప్రామాణిక లైన్లు) కలిపి, కనీసం రెండు ప్రాంతాల్లో దిగుబడి పరీక్ష చేయండి. మార్కర్లు ఒక గుంపులో చూపిన లైన్ టెస్టర్లతో మరో గుంపులా ప్రవర్తిస్తే, సంకరాల విషయంలో పొలం చెప్పినదే తీసుకోండి, మార్కర్ల ఫలితాన్ని కూడా పక్కన రాసి ఉంచండి.